పిన్నిగారు కుట్టిన పరీక్ష లంగా

నీళ్ళలో నానబెట్టి, పిండి ఆరేసిన లైనింగు గుడ్డకి ఒక వాసన ఉంటుంది. కొత్త నూలు, గంజి, కాస్త రంగు, అన్నీ కలిసిన తడి వాసన. తెనాలిలో మా టైలరింగు కొట్టు వెనక వసారాలో రోజూ ఆ గుడ్డలు ఆరుతూనే ఉంటాయి గనక మామూలుగా నా ముక్కు దాన్ని పట్టించుకోదు. కానీ ఇవాళలాగా మబ్బు పట్టి గుడ్డలు ఓ పట్టాన ఆరని రోజున ఆ వాసన కొట్లోకి వచ్చి తిష్ట వేస్తుంది. అప్పుడు నా కాలు మిషను మీద దానంతటదే ఆగిపోతుంది. రాజ్యలక్ష్మి పిన్నిగారు వెనక నిలబడి, "లైనింగు తడిపావా లేదా? తడపకుండా కుట్టి, మొదటి ఉతుక్కే జాకెట్టు బిగిసిపోతే కుట్టించుకున్నావిడ తిట్టేది నిన్ను కాదు, నన్ను" అంటున్నట్టే ఉంటుంది. ఆవిడ పోయి చాలా కాలమే అయింది. నాకు ఇప్పటికీ ఆవిడంటే భయం. ఆవిడంటే ప్రాణం కూడా.

ఆవిడ నాకు చుట్టం కాదు. రేపల్లెలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టు నడిపేవారు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను మా అమ్మ తీసుకెళ్ళి ఆవిడకి అప్పగించింది. పొలమూ పుట్రా ఉన్న ఇంటి కోడలు ఆవిడ. చిన్న వయసులోనే భర్త పోతే, ఒక మూల కూర్చోవడం చేతకాక మిషను కొనుక్కున్నారు. మా ఇంటి కోడలు ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టడమేంటని అత్తింటివాళ్ళు కొన్నాళ్ళు మొహం చాటేశారట. ఆ తర్వాత వాళ్ళ ఆడపిల్లల పెళ్ళి జాకెట్లన్నీ మోసుకొచ్చింది మాత్రం ఆ కొట్టుకే. ఆవిడ నోటికి ఊరంతా హడల్. నోరు కరుకు, మనసు వెన్న అని కొందరి గురించి చెబుతుంటారు. పిన్నిగారు ఆ రకమూ కాదు. మనసు కూడా కాస్త కరుకే.

ఒకసారి బాపట్లలో ఒక టీచరుగారింటికి పెళ్ళి కొలతలు తీయడానికి ఇద్దరం వెళ్ళాం. పెళ్ళికూతురికీ, పిన్నులకీ, అత్తలకీ అందరికీ కొలతలు అయ్యాయి. పెళ్ళికూతురి తల్లి, ఆ టీచరుగారు, పమిట నిండా కప్పుకుని గుమ్మంలోనే నిలబడి, "నాకొద్దండి, పాతవే బోలెడున్నాయి" అన్నారు. గదిలో ఉన్నవాళ్ళంతా ఉన్నట్టుండి గోడల కేసి చూడడం మొదలుపెట్టారు. పిన్నిగారు టేపు మెడలో వేసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఆపరేషనైందా అమ్మా? ఎటువైపు?" అని అడిగేశారు. భూమి చీలితే అందులోకి దూకేద్దామనిపించింది నాకు.

టీచరుగారు పిన్నిగారి కేసి తేరిపార చూశారు. తర్వాత మంచం మీద కూర్చుని, "ఎడమవైపండి. క్యాన్సరు" అన్నారు. "ఈ ఇంట్లో ఆ మాట నేను పైకి అనడం ఇదే మొదటిసారి."

"అనండి మరి. మీరు చెప్పకపోతే నేను కొలతెలా తీసుకోను?" అన్నారు పిన్నిగారు.

లోపల మెత్తగా దూది కూరిన గుడ్డ పెట్టి ఆ జాకెట్టు ఆవిడే స్వయంగా కుట్టారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. పెళ్ళిలో ఆ టీచరుగారు పట్టుచీర కట్టుకుని అందరి మధ్యా నిలబడి అక్షింతలు వేయడం నేను చూశాను. కానీ ఆ రోజు తిరిగొస్తూ బస్సులో మాత్రం ఉండబట్టలేక, "అంత మొహం మీద అడగాలా పిన్నిగారూ?" అన్నాను. "మొహం మీద అడక్క వీపు మీద అడుగుతారటే? అందరూ చూపు తిప్పేసుకుంటే పాపం ఆవిడ ఎటు చూడాలి?" అని, కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయారు.

నాకు పెళ్ళయి తెనాలి వచ్చాక సొంతంగా కొట్టు పెట్టుకున్నాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు నీరసం పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం, నాలుక ఎర్రగా పూసి కారం తగిలితే మంట, ఎక్కడ తగిలించుకున్నానో తెలియకుండానే చేతుల మీద నల్లటి మచ్చలు. రక్తపరీక్ష చేస్తే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ పడిపోయి ఉన్నాయి. "తుంటి ఎముకలోంచి కొంచెం మూలుగ తీసి చూడాలమ్మా. విటమిన్ లోపం వల్ల కూడా ఇలా అవ్వొచ్చు. మూలుగలోనే జబ్బుండొచ్చు. చూడకుండా నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ. మూలుగ అంటే నాకు తెలిసింది మాంసం కూరలో నల్లి ఎముక కొట్టి పీల్చుకునేదే. నాక్కూడా అది ఉందనీ, దాన్ని సూదితో లాగుతారనీ ఆ రోజే తెలిసింది.

పరీక్షకి వారం గడువు. ఆ వారంలో మా ఇల్లు చూడాలి! వచ్చినవాళ్ళు వచ్చినట్టు రక్తం పడుతుందని బీట్‌రూట్లు, దానిమ్మలు, ఖర్జూరాలు తెచ్చి పోశారు. మా ఆడపడుచు పొద్దున్నే బొప్పాయి ఆకు నూరి ఆ చేదు రసం నా గొంతులో పోసేది. పాపం మంచికే. "వెన్నులోంచి నీళ్ళు తీస్తారంట వదినా, అవి తీస్తే కాళ్ళు పడిపోతాయంట" అని చెప్పింది కూడా ఆవిడే. అదీ మంచికే! ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ అందరి బుర్రలోనూ ఉన్న ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. టీవీలో ఆసుపత్రి కనిపిస్తే మా ఆయన ఛానల్ మార్చేసేవారు. ఎన్నడూ దుప్పటి మడవని మా అమ్మాయి చెప్పకుండానే ఇంటిల్లిపాది బట్టలూ మడతపెట్టడం మొదలెట్టింది. దేవుణ్ణి నేను అడిగింది ఒక్కటే, ఆ పిల్ల పెద్దదయ్యేదాకా నన్ను ఉంచమని.

ఎవరు చెప్పారో ఏమో, రేపల్లె పాసింజరు దిగి పిన్నిగారు సంచితో సహా వచ్చేశారు. హాల్లో బీట్‌రూట్ల గుట్ట చూసి, "ఏంటే ఇది, ఇల్లా కూరగాయల మార్కెట్టా?" అన్నారు. కాళ్ళు కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"చెప్పు. క్యాన్సరేమోనని భయమా?"

మా ఆడపడుచు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "అయ్యయ్యో, ఆ మాట ఇంట్లో అనకండి పిన్నిగారూ!" అంది.

"నేననకపోతే అది రాకుండా ఆగుద్దా? నేనంటే వచ్చేసుద్దా? దాన్ని చెప్పనీ."

"అవునండి" అన్నాను. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. మా ఆయన వచ్చి నా పక్కన కూలబడి, "నాకూ అదే భయం" అని పసిపిల్లాడిలా ఏడ్చారు. తలుపు వెనకనుంచి మా అమ్మాయి, "నాకు తెలుసమ్మా, ఫోన్లో చూశాను" అంది. దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"చూశారా? అందరికీ తెలుసు. తలొక మూలా దాక్కుని తలొక ఏడుపూ ఏడుస్తున్నారు" అన్నారు పిన్నిగారు. "ఏం కాదులే అని నేను చెప్పనే. నాకేం తెలుసు? అయితే కష్టమే. కష్టమైతే నేనొచ్చి ఇక్కడే ఉంటా. అప్పటిదాకా మాత్రం, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పరీక్ష కాకముందే కాళ్ళు పడిపోయాయని ఏడవకండి."

ఆ రాత్రి మా ఇంట్లో అందరం కలిసి అన్నం తిన్నాం. నిజం చెబుతున్నాను, ఆ వారంలో నాకు అన్నం రుచిగా తోచింది ఆ పూటే.

మర్నాడు పొద్దున్నే నన్ను కొట్టుకి తీసుకెళ్ళి, కటింగు బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టారు. నడుం కింద బొటనవేలితో నొక్కి, "ఇదిగో, ఇదీ తుంటెముక. వెన్ను ఇదిగో, ఇక్కడ. మధ్యలో ఎంత ఎడముందో చూడు. ఎన్ని వందల లంగాలు కొలిచావు, నీకా మాత్రం తెలీదటే?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. వెంట వచ్చిన మా ఆడపడుచు కూడా వంగి చూసి తన తుంటి తడుముకుంది. డాక్టరమ్మకి ఫోను చేయించి అడగాల్సినవన్నీ నాచేతే అడిగించారు. ఉపవాసం అక్కర్లేదట. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలట. వెన్ను జోలికి అసలు పోరట. ఆ ఆకు రసం ఆపేయమంది కూడా. ఆ మాట వినగానే నాకు సగం జబ్బు నయమైంది.

ఫోను పెట్టేశాక పిన్నిగారు బీరువాలోంచి మెత్తటి నూలు గుడ్డ తీశారు. "అంతమందిలో బట్టలన్నీ పైకెత్తుకోవడమేంటి?" అని, వెనకవైపు తుంటి దగ్గర జానెడు కోత పెట్టి, దాని మీద మూత వేసి, టిచ్ బటన్లతో విప్పుకునేలా ఒక లంగా కుట్టారు. ఆవిడ చూపు అప్పటికే తగ్గింది. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చాను.

పరీక్ష రోజున ఇడ్లీలు తిని, మా ఆయన్నీ పిన్నిగారినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. గోడ కేసి తిరిగి పడుకుని బటన్లు విప్పితే, నర్సమ్మ నవ్వు ఆపుకోలేక డాక్టరమ్మని పిలిచింది. ఆవిడ ఆ కుట్టు చూసి, "నేను రెండోవైపు చేద్దామనుకున్నానమ్మా. సరే, ఇంత ముచ్చటగా కుట్టుకొస్తే ఎందుకు కాదనాలి? ఇటే చేద్దాం" అంది. మత్తు సూది చురుక్కుమంది. తర్వాత ఎముక మీద బరువు. మూలుగ లాగేటప్పుడు మాత్రం ప్రాణం లోపలనుంచి ఎవరో గుంజినట్టయింది. అబ్బా అని అరిచాను. అరవొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. కాసేపటికి అంతా అయిపోయి, కట్టు కట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. పిన్నిగారు వరండాలో లేరు. రైలు వేళయిందని వెళ్ళిపోయారన్నారు మా ఆయన. నా మనసు చివుక్కుమంది.

ఫలితం రావడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. వచ్చింది: క్యాన్సరు కాదు. తిండిలో ఉండే ఒక విటమిన్‌ని నా కడుపు పట్టుకోవడం లేదు. బతికినన్నాళ్ళూ ఇంజెక్షన్లు వేయించుకుంటే చాలు. ఆసుపత్రి మెట్ల మీదనుంచే పిన్నిగారికి ఫోను చేశాను. ఆవిడ, "అట్నా. సరే, పెట్టేయ్, పాలాయనొచ్చాడు" అని పెట్టేశారు. ఇంతేనా ఈవిడ, అనుకున్నాను.

ఒంట్లో ఓపికొచ్చాక పూతరేకులు పట్టుకుని రేపల్లె వెళ్ళాను. తలుపు తీసిన పిన్నిగారు నెత్తిన చెంగు కప్పుకుని ఉన్నారు. కూర్చోబోతుంటే చెంగు జారింది. నున్నటి గుండు. భర్త పోయిననాడు జడ ముట్టుకోవద్దని పెద్దవాళ్ళందరితో పోట్లాడిన మనిషి. ఏ దేవుడికీ ఏ మొక్కూ మొక్కని మనిషి.

"ఎండలు ముదిరాయిగా, చల్లగా ఉంటదని" అన్నారు, ఎటో చూస్తూ.

"కొండకెళ్ళారా? ఆడవాళ్ళు మూడు కత్తెర్లిస్తే సరిపోద్దిగా పిన్నిగారూ!"

"మూడు కత్తెర్లిచ్చి ఆయన్ని నీ ప్రాణం అడగడానికి సిగ్గేసిందే" అన్నారు.

ఆవిడ నేర్పిన పనే చేశాను. ఎదురుగా కూర్చుని, మొహం మీదే అడిగాను. "భయపడ్డారా?"

"పడ్డానే" అన్నారు. "చచ్చేంత భయపడ్డాను. అందుకే ఆ రోజు నీ అరుపు వినలేక లేచొచ్చేశా."

ఆ గుండు మీద నా చెంప ఆనించి చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ కూడా వద్దనలేదు.