సారంగపాణి రిహార్సళ్ళు

సారంగపాణి ఏ పనైనా రెండోసారే చేసేవాడు. మొదటిసారి చేసింది ఆయన లెక్కలోకి రాదు, అది రిహార్సల్. పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందురోజే దవాఖానాకు పోయి, కుర్చీలో కూర్చుని, నోరు తెరిచి, మళ్ళీ మూసి, "మంచిది, రేపొస్త డాక్టర్ సాబ్" అని లేచి వచ్చిన మనిషి.

దుమ్ముగూడెంలో ఆయన్ని మిలిట్రీ సారంగపాణి అనేవారు. పదిహేనేళ్ళు సైన్యంలో చేసి, డెబ్భై నాలుగులో ఇంటికొచ్చి, సహకార సంఘం గోదాముకు వాచ్‌మన్‌గా కుదిరాడు. "ఏంది సారూ నీకీ తిప్పలు?" అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"మిలిట్రీల గట్లనే. రిహార్సల్ లేంది తూటా గూడ పేల్చరు."

ఆయన కింద సిపాయిలు ఇద్దరే: భార్య పిచ్చమ్మ, కూతురు బతుకమ్మ. ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, ఇదైనా బతకాలని ఆ పేరు పెట్టుకున్నారు. బతకడమైతే బతికింది గాని, ఇంటికి కొత్త మనిషి వస్తే వడ్ల గుమ్మి వెనక దూరేది. మనిషి వెళ్ళిపోయాడని పిచ్చమ్మ రెండుసార్లు చెబితేగాని బయటికి వచ్చేది కాదు.

బతుకమ్మకు గుర్తున్న మొదటి రిహార్సల్ బడిది. ఆమెకు ఆరేళ్ళు. ఒక ఆదివారం నాయిన ఆమెకు కొత్త గౌను తొడిగి, పలక చేతికిచ్చి, ఎవరూ లేని బడికి తీసుకుపోయాడు. ఆమెను మూడో వరుసలో నేలమీద కూర్చోబెట్టి, తాను పంతులు కుర్చీ ఎక్కి హాజరు పిలిచాడు. ఊళ్ళో పిల్లల పేర్లన్నీ పిలిచాడు. ఒక్కో పేరుకు ఒక్కో గొంతు పెట్టి తానే "హాజర్ సార్" అన్నాడు. బతుకమ్మ పేరు దగ్గర మాత్రం ఆగాడు. చాలాసేపు ఆగాడు. ఆమె పలక వెనక ముఖం దాచుకుంది. చివరికి సన్నటి గొంతుతో అదీ ఆయనే అన్నాడు.

ఖమ్మం బస్సు సంగతి ఊరంతా చెప్పుకునేవారు. కండక్టర్ దేవ్లాది ఏన్కూరు. ప్రయాణానికి ముందురోజు పెట్టె, సద్దిమూట, గొడుగు పట్టుకుని ముగ్గురూ రోడ్డు మీద వరుసగా నిలబడేవారు. సారంగపాణి చెయ్యెత్తితే బస్సు ఆగేది.

"ఎక్కుండ్రి సారూ, జల్దీ!"

"లేదు. రేపెక్కుతం. ఇయ్యాల రిహార్సల్."

"మరి చెయ్యెందుకు ఎత్తినవ్?"

"ఎత్తితే ఆగుతదో లేదో చూడాలె గదా!"

కొన్నాళ్ళకు దేవ్లాకూ అలవాటైంది. దూరం నుంచే తల బయటపెట్టి, "మిలిట్రీ సారూ, ఇయ్యాల రిహార్సలా, అసలా?" అని అరిచేవాడు. రిహార్సలంటే ఆపకుండా పోయేవాడు. అసలు రోజున టికెట్లడిగే డ్యూటీ బతుకమ్మది. "మూడు ఖమ్మం" అంటే చాలు. ఇంట్లో పదిసార్లు అనిపించి తీసుకొచ్చేవాడు. దేవ్లా వచ్చి ఎదురుగా నిలబడగానే ఆమె కిటికీ వైపు తిరిగి గోదావరిని చూస్తూ కూర్చునేది.

"మూడు ఖమ్మం," అని సారంగపాణే అనేవాడు, ఆడపిల్ల గొంతుతో. బస్సంతా నవ్వేది.

పిచ్చమ్మ తమ్ముడు పిచ్చయ్య పెళ్ళికైతే పెద్ద గొడవే అయింది. పెళ్ళికి ముందురోజు సారంగపాణి రోకలికి చీర చుట్టి పీట మీద నిలబెట్టి, పసుపుతాడు ఇచ్చి బామ్మర్దితో మూడు ముళ్ళూ వేయించాడు. బతుకమ్మ దీపం పట్టుకుని పక్కన నిలబడింది, అది ఆమె డ్యూటీ. సరిగ్గా మూడో ముడి పడుతుంటే పెళ్ళికూతురి మేనమామ పని మీద వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏందిది? మా పిల్లను రెండో పెళ్ళాంగ ఇస్తున్నమా?"

"గది రోకలే మామా!" అన్నాడు పిచ్చయ్య ఏడుపు ముఖంతో.

"ఏదైతేంది? కట్టినవా లేదా? ముందుగాల దానితోని ఇడుపు కాయిదం రాయించుకో!"

ఆ పెద్దమనిషిని బతిమాలడానికి పొద్దుగూకింది. పిచ్చయ్య పెళ్ళాం ఈనాటికీ మొగుడి మీద అలిగితే, ఆ రోకలిని "అక్కా" అని పిలిచి మరీ కారం దంచుతుంది.

ఎనభై ఆరులో బతుకమ్మ ఇంటర్ పాసైంది. డిగ్రీ అంటే ఖమ్మం, హాస్టల్లో ఉండాలి. వాచ్‌మన్ జీతానికి అది అందదు. కానీ మాజీ సైనికుల పిల్లల కాలేజీ చదువుకు జిల్లా సైనిక ఆఫీసు సాయం చేసేది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ దాంట్లోనే. దానికి కావాల్సింది డిశ్చార్జి బుక్కు. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన ఆ చిన్న పుస్తకంలో బతుకమ్మ పేరూ పుట్టిన తేదీ ముద్ర వేసి ఉన్నాయి. సారంగపాణి దాన్ని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఇనప్పెట్టెలో దాచాడు.

"నా పదిహేనేండ్లు దీంట్ల ఉన్నయి బిడ్డా," అన్నాడు. "నీ మూడేండ్లకు సాలవా?"

ఇక రిహార్సళ్ళు మొదలు. ఒకనాడు ఖమ్మం పోయి ఆఫీసు మెట్లు లెక్కపెట్టి వచ్చాడు, పదిహేడు. ఇంట్లో గోనెసంచి పరిచిన పెట్టె ఆయన బల్ల, ఆయన ఆఫీసరు. పిచ్చమ్మ బంట్రోతు.

"ఏయ్, లోపలికి రా!" అంది పిచ్చమ్మ.

"గట్ల పిలుస్తరానే? 'రండమ్మా' అనాలె."

"ఏ ఆఫీసుల అంటరయ్యా?"

బతుకమ్మ లోపలికి వచ్చి నిలబడేది. పేరేమిటని అడిగితే పెదాలు కదిలేవి గాని మాట బయటికి వచ్చేది కాదు. "అవ్, ఇనబడ్డది, ఇనబడ్డది," అనేవాడు సారంగపాణి. ఆయనకేమీ వినబడలేదని ఆమెకు తెలుసు.

ఆ మే నెలలోనే ఆయనకు వరద రిహార్సల్ ఆలోచన వచ్చింది. గోదావరిలో పిల్లలు నడిచి పోతున్నారు, రాళ్ళు తేలాయి. అయినా ఈల ఊదాడు. ఒడ్డున ఉన్న పదకొండు ఇళ్ళవాళ్ళూ తిట్టుకుంటూ గుట్ట ఎక్కారు. ఎవరు ముసలివాళ్ళను పట్టుకోవాలో, ఎవరు మేకలను తోలాలో అంతా ఆయన చెప్పినట్టే. బతుకమ్మ డ్యూటీ ఇనప్పెట్టె. ఆమె వంగి దాని పిడి పట్టుకోబోయి చెయ్యి లాక్కుంది. ఎండకు ఇనుము కాలుతోంది.

"వద్దు బిడ్డా, చేతులు కాల్తయి. ఇగో, ఈ ఖాళీ గంప ఎత్తుకో. ఇదే పెట్టె అనుకో."

మూడు ఆదివారాలు మూడుసార్లు ఖాళీ గంప ఎత్తుకుని గుట్ట ఎక్కింది. "ఏట్ల మోకాలు లోతు నీళ్ళు లెవ్వు, వరదనట!" అని ఊరు నవ్వింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం గోదావరి ఒడ్డు దాటి ఊళ్ళోకి వచ్చింది. సారంగపాణి ఈల ఊదాడు. పదకొండు ఇళ్ళవాళ్ళూ చకచకా గుట్ట మీదికి చేరారు. ఒక్క మేకపిల్ల కూడా తప్పిపోలేదు. వేసవిలో తిట్టినవాళ్ళే వానలో ఆయన చేతులు పట్టుకుని దండాలు పెట్టారు. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి కూతురిని చూశాడు.

బతుకమ్మ గంపను రెండు చేతులా గుండెకు అదుముకుని నిలబడి ఉంది. గంపలో వాననీళ్ళు తప్ప ఏమీ లేవు. నేర్పిన పనిని చేతులు నేర్పినట్టే చేశాయి. కింద నీళ్ళు అప్పటికే చూరు అందుకున్నాయి.

సారంగపాణి గంపలోకి చూశాడు, ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత అందరి వైపు తిరిగి గట్టిగా నవ్వాడు.

"ఓర్నీ! అందరికి అన్ని చెప్పి నా పెట్టె సంగతే మర్చిపోయిన! ఇదీ నా తెలివి!"

ఆ ఏడు గడువులోపల అసలు పుస్తకం చూపించలేక డిగ్రీ సీటు పోయింది. అప్పట్నుంచి ఊళ్ళో అదే నవ్వులాట. "అన్నిటికి రిహార్సల్ జేసి, అసలు పెట్టె మర్చిపోయిన మిలిట్రీ సారు!" అని గోదాము ముందు కూర్చున్నవాళ్ళు అంటే ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. బతుకమ్మ తలుపు వెనక నిలబడి వినేది. ఆయన కాదు, నేను అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఏడేళ్ళపాటు ఆ మాట గొంతు దాటలేదు.

పోయిన పుస్తకానికి నకలు రావడానికి మూడేళ్ళు పట్టింది. పోలీసు కాగితం, ప్రమాణ పత్రం, రికార్డాఫీసుకు అర్జీల మీద అర్జీలు. వచ్చిన రోజున సారంగపాణి దాన్ని తెచ్చి ఆమె కుట్టుమిషన్ మీద పెట్టాడు. అప్పటికి ఆమె ఊళ్ళో జాకెట్లు కుడుతోంది.

"ఇప్పుడెందుకు నాయినా? చిన్న పిల్లల నడుమ కూసుంటే నవ్వుతరు," అంది.

అది నిజం కాదు. మొదటి పుస్తకాన్ని ఏట్లో వదిలిన చేతులతో రెండోదాన్ని ఎట్లా పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఆయన ఒక్కసారి గద్దిస్తే పోయేది. ఆయన గద్దించలేదు. "సరే బిడ్డా," అని పుస్తకాన్ని కొత్త పెట్టెలో పెట్టి, తాళంచెవి మిషన్ పక్క మేకుకు తగిలించాడు. నాలుగేళ్ళు ఆ తాళంచెవి ఆమె కళ్ళముందే ఉంది.

తొంభై మూడు జూలైలో పక్కింటి పిల్ల గోరి డిగ్రీ దరఖాస్తు పట్టుకుని వచ్చింది. రాయడం రాక తెల్లముఖం వేస్తే, బతుకమ్మే అన్ని గళ్ళూ నింపి ఇచ్చింది.

"ఇంత తెలిసినదానివి నువ్వెందుకు పోలే అక్కా?" అంది గోరి.

బతుకమ్మ కుట్టుమిషన్ వైపు తిరిగింది. గోరి వెళ్ళాక మేకు మీది తాళంచెవి తీసింది.

"నాయినా, రేపే ఆఖరు తారీఖట. పొద్దుగాల బస్సుకు పోదాం."

సారంగపాణి గాభరాపడ్డాడు. "రేపా? మరి రిహార్సల్?"

"టైం లేదు నాయినా."

తెల్లారి బస్సులో ఆయనకే చెమటలు పట్టాయి. దేవ్లా జుట్టు నెరిసింది గాని ప్రశ్న మారలేదు. "రిహార్సలా, అసలా సారూ?"

"అసలే," అన్నాడు సారంగపాణి నీరసంగా. "రెండు ఖమ్మం." బతుకమ్మ కిటికీ వైపు చూస్తోంది.

సైనిక ఆఫీసు వేరే భవనంలోకి మారింది. దీనికి మెట్లు తొమ్మిదే. ఆయన పదో మెట్టుకు కాలెత్తి తూలిపడబోయాడు. వరండాలో కూర్చున్న ఒక పెద్దమనిషి ఎగిరి లేచి పట్టుకున్నాడు.

"అరె సారంగపాణీ! నువ్వారా?"

ఆయన పేరు ఆదినారాయణ, ముదిగొండ మనిషి, ఒకే పటాలంలో చేశారట. కొడుకు కాగితాల కోసం వచ్చాడు. మాటల్లో బతుకమ్మ, మిలిట్రీలో మీ ఇద్దరికీ కలిపే రిహార్సళ్ళు చేయించేవారా అని తండ్రి చెవిలో అడిగింది. అది విని ఆదినారాయణ పడీపడీ నవ్వాడు.

"ఎవరికి, ఈయనకా? పదిహేనేండ్లు వంటశాలల రొట్టెలు జేసిండు బిడ్డా! పరేడ్ దిక్కు మొఖం గూడ పెట్టలే. రొట్టెలకు రిహార్సలేంది?"

సారంగపాణి తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యానును శ్రద్ధగా పరిశీలించసాగాడు.

బతుకమ్మ బెంచీ మీద కూర్చుండిపోయింది. మిలిట్రీలో నేర్చుకోకపోతే మరెక్కడ నేర్చుకున్నట్టు? ఒక్కొక్కటే వెనక్కి తలుచుకుంటూ పోయింది. గుట్ట, రోకలి, బస్సు. ప్రతిదాంట్లో తనకో చిన్న డ్యూటీ ఉంది. అన్నిటికంటే ముందుది ఆ ఆదివారం బడి. దానికి ముందు రిహార్సలన్నదే లేదు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. గుమాస్తా పుస్తకం తిరగేశాడు.

"ఇది నకలు గదా. అసలుదేది?"

"నేనే సార్, వరదల మర్చి..." సారంగపాణి మొదలుపెట్టాడు.

"సిపాయివి అయ్యుండి డిశ్చార్జి బుక్కు మర్చిపోతవా? గింత అజాగ్రత్తేందయ్యా?"

"ఆయన మర్చిపోలే సార్."

గదిలో అందరూ తలలు తిప్పారు. ఆ గొంతు ఎవరిదో తెలియక సారంగపాణి కూడా తిప్పాడు.

"నేను ఇడిచిపెట్టిన. పెట్టె బదులు ఖాళీ గంప మోసుకొచ్చిన. ఏడేండ్ల సంది ఊరంతా నవ్వుతుంటే ఆయన నా తప్పు మీదేసుకున్నడు. ఆయన్ని ఏం అనకుండ్రి."

గుమాస్తా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి మెత్తగా మాట్లాడాడు. పుట్టిన తేదీ చూసి, క్యాలెండరు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇరవై అయిదు దాటొద్దమ్మా. నీకు దాటి నలభై ఒక్క రోజు. ఈ నకలు వచ్చిన ఏడే రావాల్సింది."

తొమ్మిది మెట్లూ ఇద్దరూ దిగారు. సాయంత్రం తిరుగు బస్సులో కూర్చున్నాక సారంగపాణి గొంతు సవరించుకున్నాడు.

"మంచిగ మాట్లాడినవ్ బిడ్డా. ఫ్యాన్ సప్పుడు మీద గూడ ఇనబడ్డది."

"ఏం లాభం నాయినా?"

"రిహార్సల్ల లాభం చూస్తరానే?"

నవ్వాలో ఏడవాలో తెలియక బతుకమ్మ నవ్వింది. ఇంతలో దేవ్లా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం సారూ, పొద్దుగాల అసలన్నవ్. అయిందా?"

సారంగపాణి నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు బతుకమ్మ అంది.

"కాలే అన్నా. ఇయ్యాల్టిది గూడ రిహార్సలే. రెండు దుమ్ముగూడెం."

దేవ్లా చేతిలో టికెట్ల కట్ట అట్లాగే ఉండిపోయింది. "ఇన్నేండ్లల నీ గొంతు ఇనుడు ఇదే మొదలు చెల్లె! ఇన్నవా సారూ?"

సారంగపాణి వినలేదు. కిటికీ వైపు తిరిగి గోదావరిని చూస్తున్నాడు. బస్సు ఇంకా ఖమ్మం బస్టాండు దాటలేదు. గోదావరి అక్కడికి నాలుగు గంటల దూరం.