మిరప విత్తుల జాడీలో తెల్లరాయి

ముసురుకు మిరప విత్తులు మెత్తబడుతున్నాయని పొద్దుటి నుంచి నాకు ఒకటే గుబులు. దారిపొడవునా అల్లర్లని మా మిర్యాలగూడ నుంచి విత్తనాలమ్మే సూర్యాపేటకు బండ్లు పోవడం లేదు. ఇవి బూజుపడితే మళ్లీ విత్తనం ఎక్కడిది?

వికారాబాదు వైపు బావులు తవ్వించే మా తమ్ముడు, అక్కడి నల్లరాతిలో దొరికిన తెల్లరాయి ఒకటి తెచ్చి పొయ్యిలో పెట్టాడు. అది సుయ్యిమని ఆవిరి కక్కింది. రాయి ఏడిస్తే ఇంటికి అరిష్టమని భయపడి, బయటికి లాగి పసుపు రాసి బొట్టు పెట్టాను.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. "గది ఏడ్సుడు కాదక్కా. ఎన్కట భూమిల నుంచి నిప్పు లెక్క పారిన రాయి సల్లబడ్డది. దాని బుడగలల్ల నీళ్లు ఊరి గీ తెల్లరాయి కట్టింది. కాలిస్తే చెమ్మ ఇడుస్తది, సల్లారినంక మళ్ల తాగుతది. విత్తుల జాడీల పెట్టి మూత బిగించు."

మళ్లీ కాల్చి, చల్లార్చి పెట్టాను. కానీ మనసాగక మూత తీసి చూస్తూనే ఉన్నాను.

"నువ్వు గిట్ల తీస్తుంటే అది ఇంట్ల చెమ్మంత తాగుతది. ఇగ విత్తులకేం చేస్తదక్కా?"

జాడీని అటకెక్కించాడు. నిచ్చెన మాత్రం ఇక్కడే ఉంది. మీరైతే నా కంటపడకుండా ఆ నిచ్చెన ఎక్కడ దాస్తారో చెప్పండి.