మా అటకకు పట్టిన చెమట

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం యాభై ఏళ్లయినా ఉండాలని మా నాయిన అభిప్రాయం. నాకింకా ముప్పై నిండలేదు. అయినా సివిల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో నాకున్నంత తెలివి ఇప్పుడు లేదు కాబట్టి, ఆ తెలివి ఉన్న రోజుల్ని 'ఆ రోజుల్లో' అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. ఏ గోడను చూసినా అందులో తప్పు కనబడేది. ఏ మనిషి మాట్లాడినా అందులో నాటకం కనబడేది. ఇంట్లో ఎవరైనా నిట్టూర్పుతో మొదలుపెట్టి కన్నీళ్ల దాకా పోదామనుకుంటే, నడుమనే ఒక్క మాటతో గాలి తీసేసేవాణ్ని. (ఈ విద్యను మనుషుల మీద కాకుండా మా ఇంటి మీద చూపించి ఉంటే ఇప్పుడు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.)

మా ఇల్లు గద్వాలలో, నేతగాళ్ల వాడలో. ముందున్న పెద్ద గది మగ్గానిది, వెనకున్న చిన్న గది మాది. చూసినవాళ్లకు మేమంతా మగ్గం దగ్గర అద్దెకున్నట్టు అనిపించేది. తాత కాలంలో అది మట్టి మిద్దె. దాని నడినెత్తిన పొగ పోవడానికి, వెలుతురు రావడానికి గవాచి అని ఒక కంత ఉండేదట. మిద్దె కురవడం మొదలయ్యాక నాయిన దాన్ని తీయించి ఇనుప రేకులు వేయించాడు. రేకుల కింద, మగ్గం గది మీద, చెక్కలు పరిచిన అటక. గోడకూ రేకుకూ మధ్య చుట్టూరా జానెడు సందు. ఆ సందులోంచి గాలి వచ్చేది, గాలితోపాటు దుమ్ము వచ్చేది, పిచ్చుకలు వచ్చేవి, వాడకంతటికీ ఉమ్మడి ఆస్తి అయిన ఒక చారల పిల్లి ఏటా కాన్పుకు వచ్చేది.

ఆ యేడు అటక మీద పిల్లి కాన్పు కన్నా పెద్ద సంగతి ఒకటుంది. అమ్మ పెళ్లయి వచ్చినప్పుడు నాయిన, "నీకొక చీర నేసిస్త" అన్నాడట. తర్వాత పాతికేళ్లు నేస్తూనే ఉన్నాడు. నేసిన ప్రతి చీరా నూలిచ్చిన సేటు ఇంటికే పోయింది. అమ్మ నూలు కండెలు చుట్టింది, పోగులు అతికింది, ఊరూరి ఆడవాళ్లకు చీరలు పంపింది, తాను మాత్రం దుకాణంలో దొరికే చవక సిల్కు చీర కట్టుకుంది. చివరికి వనపర్తిలో మా మేనమామ (అమ్మకు ఒక్కడే తమ్ముడు, ముప్పై అయిదేళ్లకు పెళ్లికి ఒప్పుకున్న మహానుభావుడు) పెళ్లి కుదిరాక నాయినకు ఆ మాట గుర్తొచ్చింది. సొంతంగా నూలూ పట్టూ తెచ్చి, సేటు పనికీ పనికీ మధ్య నాలుగు నెలలు నేశాడు. అమ్మకు తెలియకుండా నేయాలనేది ఆయన పంతం. కండెలు చుట్టేదే అమ్మ అయినప్పుడు అదెట్లా సాధ్యమని ఎవరూ అడగలేదు. ఎవరో హైదరాబాదు గిరాకి అడిగిందని, ఏ రంగైతే బాగుంటుందని అమ్మనే అడిగాడు. అమ్మ ఆలోచించి, మీగడ రంగు నూలు, కుంకుమ రంగు పట్టంచు అంది. ఆ గిరాకి అదృష్టవంతురాలని కూడా అంది. చీర పూర్తయ్యాక ట్రంకుపెట్టెలో పెట్టి, మోకాళ్ల నొప్పితో అమ్మ ఎక్కలేని ఒకే ఒక్క చోట, అంటే అటక మీద, దాచాడు.

దాచిన మర్నాడే నన్ను పక్కకు పిలిచాడు. "చీర పైనున్నదిరా. ఆ పిల్లి మల్ల ఈనేటట్టున్నది. ఏమన్న జేయి, ఇంజనీరువు గద" అన్నాడు. డిప్లొమావాణ్ని ఇంజనీరు అనడం మా ఇంట్లో అదే మొదటిసారి. అంతే, నాలోని నిర్మాణశక్తి మొత్తం మేల్కొంది. రెండు సంచుల సిమెంటు, పగిలిన ఇటుక ముక్కలు, థర్మకోలు తెచ్చి, ఇంటి చుట్టూ నిచ్చెన తిప్పి, జానెడు సందును ఒక్క వేలు కూడా మిగలకుండా మూసేశాను. పిచ్చుకలు వచ్చి చూసుకొని పోయాయి. పిల్లి గోడమీద కూర్చొని నా పని మొత్తం చూసింది. దాని మొహంలో జాలి ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. కింద నిలబడ్డ అమ్మ మాత్రం ఒక మాట అంది.

"అంత బిగబడితె ఎట్లరా, ఇంటికి జర గాలాడొద్దా?"

"అమ్మా, గిది సివిలు. నీకు తెల్వదు" అన్నాను. ఈ వాక్యాన్ని మా ఇంట్లో తర్వాత ఎన్నిసార్లు వాడుకున్నారో లెక్కలేదు. పెరుగు తోడుకోకపోయినా, బస్సు తప్పిపోయినా, "గిది సివిలు" అంటారు.

కార్తీకం వచ్చింది, చలి వచ్చింది. ఒకరోజు తెల్లారి నాయిన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చోగానే ఆయన మెడమీద ఒక చుక్క పడింది. పైకి చూస్తే రెండో చుక్క ముక్కు మీద పడింది. ఆకాశంలో మబ్బు లేదు. వాన వెళ్లిపోయి నెల దాటింది. అయినా అటక చెక్కల సందుల్లోంచి చుక్కలు రాలుతున్నాయి. ఎండ ఎక్కగానే ఆగిపోయాయి. మర్నాడు మళ్లీ అదే వేళకు మొదలు. నాయిన అమ్మ వినకుండా నాతో అన్నది ఒక్కటే, "పెట్టె." పెళ్లికి ఇంకా పన్నెండు రోజులుంది.

మా అవ్వ, అంటే నాయినమ్మ, మంచం మీదినుంచి కదలకుండానే కారణం కనిపెట్టింది. చచ్చిపోయిన తాత ఏడుస్తున్నాడట. ఆయన కట్టిన మిద్దెను కూలగొట్టి రేకులేశారు కదా, అందుకని. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకొని ఆమె సాగదీయబోతుంటే నేను ఊరుకోలేకపోయాను. "అవ్వా, తాత పొద్దుగాల ఆరింటికే ఎందుకేడుస్తడు? బతికున్నప్పుడు ఎనిమిదైతెగాని లేవకపాయె" అన్నాను. అవ్వ కొంగు తీసి, తాత నిద్ర సంగతి నిజమేనని ఒప్పుకుంది గాని, చచ్చాక అలవాట్లు మారుతాయని తీర్పు చెప్పింది.

ఇక రెండో నిపుణుడు తారు తాత. మల్దకల్ వైపునుంచి సైకిలు మీద తారు డబ్బాతో వచ్చి రేకులకు మాట్లు వేసే పెద్దమనిషి. ఏ ఇంటికి ఏ రోగమొచ్చినా ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే. మా రేకులెక్కి, ప్రతి మేకు దగ్గరా తారు ముద్ద పెట్టి దిగాడు. మర్నాడు చుక్కలు పడ్డాయి. మళ్లీ ఎక్కాడు. మళ్లీ పడ్డాయి. కంత ఎక్కడుందో చూపించమని నాయిన అడిగితే, "అది కండ్లకు కనబడే బొక్క గాదప్పా, దొంగబొక్క" అన్నాడు. మూడో డబ్బా అయిపోయేసరికి మా ఇల్లు దూరంనుంచి చూస్తే గొడుగేసుకున్న ఎనుములాగా ఉంది.

మూడో నిపుణుణ్ని నేనే. ఇంజనీరును కాబట్టి కారణం దొరికేదాకా ఆగకుండా ముందు పరిష్కారం చేశాను. అటకెక్కి, ట్రంకుపెట్టెను నాలుగు చుట్లు ప్లాస్టిక్ పట్టాతో చుట్టి, అంచులకు టేపు వేసి, లోపలికి గాలి కాదు, దేవుడు కూడా దూరకుండా బిగించాను. (అప్పటికే తడిసిన పెట్టెను తడితో సహా మూట కట్టానన్న సంగతి నాకు తట్టలేదు.) పైన ఏముందని ఇంత పరేషానవుతున్నారని అమ్మ అడిగింది. ఏమీ లేదు, పాత పలకలున్నాయని నాయిన చెప్పాడు. పాత పలకలకు మూడు డబ్బాల తారా అని మాత్రం అనేసి, అమ్మ లోపలికి పోయింది.

పెళ్లి నాలుగు రోజులుందనగా, పొద్దున్నే అటకనుంచి దిగి పొయ్యి ముందు కూర్చున్నాను. రేకు మీద కంత లేదు. రేకు కిందంతా నీళ్లు. ఇది తప్పకుండా ఎవరో చేసిన కుట్రేనని అమ్మకు వివరిస్తున్నాను. (అందరి నాటకాలనూ ఎగతాళి చేసేవాడు తన వంతు వచ్చినప్పుడు ఎవరికీ తీసిపోడు.) అమ్మ విన్నంతసేపు విని, ఉడుకుతున్న అన్నం గిన్నె మూత ఎత్తి నా ముందు వంచింది. మూత కింది వైపునుంచి నీళ్లు బొటబొట రాలాయి.

"గీ మూతకు బొక్కున్నదా?" అంది.

నేను వంగి మూత కింద చూశాను.

"దీనిమీద వానబడ్డదా?"

డిప్లొమా పుస్తకంలో ఆవిరి గురించీ, అది చల్లటి రేకుకు తగిలితే ఏమవుతుందో దాని గురించీ రెండు పేజీలుండేవి. పరీక్షలో రావని వదిలేసినవి. ఆ రెండు పేజీలూ ఇప్పుడు గిన్నె మూతమీదినుంచి నా కాళ్ల మీద పడుతున్నాయి. ఎండుగాలి తగిలితే పోగు తెగుతుంది కాబట్టి నేతగాడు మగ్గం గది కిటికీలు మూస్తాడు, నేలమీద నీళ్లు చల్లుతాడు. మా నాయిన పొద్దున లేచి మొదట చేసేది అదే, రాత్రి చివరిగా చేసేదీ అదే. పడుగుకు పెట్టే గంజి మా ఇంట్లోనే కాగేది. స్నానాల నీళ్లు ఇంట్లోనే మరిగేవి. ఆ తేమంతా చెక్కల సందుల్లోంచి అటకెక్కి, గోడ పక్క జానెడు సందులోంచి తన దారిన తాను పోయేది. ఇప్పుడు పైకి పోయి, దారి లేక, చలికి చల్లబడ్డ రేకును పట్టుకొని వేలాడి, తెల్లారేసరికి మళ్లీ మా మీదికే దిగుతోంది. నేను ఇంటిని మూయలేదు, ఉడుకుతున్న గిన్నెకు మూత పెట్టాను. గద్వాలలో నేతపని ఎరిగిన పిల్లగాడు ఎవడూ చేయని పని, నేతింట్లో పుట్టి చేశాను.

పెట్టెను కిందికి దించక తప్పలేదు. పట్టా విప్పుతుంటే ముక్కిన వాసన వచ్చింది. అమ్మ చేయి తుడుచుకొని వచ్చి నిలబడింది. నాయిన మూత తీశాడు. మీగడ రంగు మడత మీద, అరచేయంత మేర, అంచులోని కుంకుమ రంగు దిగి పరుచుకొని ఉంది. నాయిన చీరను చూడలేదు. అమ్మ మొహం చూస్తున్నాడు. నాలుగు నెలలు గుంతలో కూర్చొని నేసిన మనిషి, తప్పు తనదే అయినట్టు నిలబడ్డాడు. నేను విప్పిన పట్టాను మడతపెడుతూ కూర్చున్నాను.

అమ్మ నేలమీద చాప పరిచి, చీరను ఒక్కో మడతే విప్పింది. రెండో మడతలో మరక సగమైంది. మూడో మడతలో లేదు. లోపలి మడతలన్నీ విప్పాక పల్లు బయటపడింది, మగ్గం మీదినుంచి ఇప్పుడే కోసినట్టు. అమ్మ దాన్ని చేత్తో నిమిరి చాలాసేపు చూసి, "సేటుకు మడతేసినట్టు ఏసుంటె పల్లు పోతుండె" అంది.

నిజమే. అమ్మకానికి పోయే చీరను పల్లు పైకి కనబడేటట్టు మడత వేస్తారు. నాయిన పాతికేళ్లలో వేల చీరలు అట్లాగే మడిచాడు. ఈ ఒక్కదాన్ని మాత్రం తిరగేసి, పల్లును అన్నిటికన్నా లోపల పెట్టాడు.

"అమ్ముకోనీకి గాదు గద" అన్నాడు నాయిన, నేలను చూస్తూ.

"ఖరాబైంది లోపలికి దోపుకునే కొస. ఎవరికి కనబడతది?" అంది అమ్మ. చీరను మళ్లీ మడతపెడుతూ, "హైదరాబాదు గిరాకి నాలుగు నెలలు ఊకుంటదా? కండెలు చుట్టేటప్పుడే తెల్సు నాకు" అంది. నాయిన నవ్వాడు, లేదా దగ్గాడు, రెంటికీ మధ్య ఏదో చేశాడు. వాతావరణం బరువెక్కుతోందని గమనించి, అలవాటు కొద్దీ నేనేదో అనబోయాను. అమ్మ నావైపు తిరగకుండానే, "నువ్వు మూసిన కాడికి చాలు. ఇగ నోరొక్కటి మూసి, ఆ సందులన్ని తెరువు" అంది.

నా సిమెంటు ఎంత గట్టిదో నాకు అప్పుడే తెలిసింది. మూయడానికి ఒక రోజు పట్టింది, ఉలితో కొట్టి తీయడానికి రెండు రోజులు. సందుల్లో పిల్లి దూరకుండా ఇనుప జాలీ కొట్టాను. కింది సందుల్లోంచి వచ్చిన గాలి పైనుంచి పోవాలి కదా, తారు తాతను పిలిచి నడికొప్పు దగ్గర రేకు కోయించి, వాన పడకుండా పైన చిన్న టోపీరేకు పెట్టించాం. మా తాత కాలపు గవాచి మళ్లీ వచ్చిందన్న మాట. మూడు డబ్బాలు పోసినా దొరకని కంతను తారు తాత తన చేత్తో కోసి, దిగుతూ, "నేను మొదటికెల్లి చెప్తలేనా అప్పా, సంగతంత బొక్కలనే ఉన్నదని" అన్నాడు. మూడో రోజు తెల్లారి అటక పొడిగా ఉంది. అవ్వ పైకి చూసి, "పాపం, మీ తాత ఊకున్నడు. గాలి తగిలింది గద" అంది. ఈసారి నేను అవునని తలూపాను.

ఇప్పుడు నాగర్‌కర్నూల్ దగ్గర ఇళ్ల పనులు చూస్తున్నాను. రేకుల కింద సీలింగు కొట్టించి, సందులన్నీ బిగించమనే యజమానులు ఎప్పుడూ ఉంటారు. మీ ఇంట్లో అన్నం ఉడుకుతుంటే ఒకసారి మూత ఎత్తి చూద్దాం పదండి అంటాను. చాలామంది నాకు ఆకలేస్తోందని అనుకుంటారు. ఒకాయన పచ్చిపులుసుతో భోజనమే పెట్టించాడు. (కాదనలేదు.)

మేనమామ పెళ్లి ఫోటో మా మగ్గం గది గోడకు ఉంది. పెళ్లికొడుకు వంక ఎవరూ చూడరు. మీగడ రంగు చీరలో, కుంకుమంచు పల్లు భుజం మీదినుంచి పరుచుకొని, అమ్మ నిలబడ్డ తీరు అట్లాంటిది. పక్కన కొత్త చొక్కాలో నేను, లోకంలో నాకు తెలియనిది లేదన్నట్టు మెడ ఎత్తి. ఇంటికి వచ్చినవాళ్లు పల్లు పనితనాన్ని మెచ్చుకున్నప్పుడల్లా నాయిన తలవంచుకొని పోగుల మధ్య నాడె విసురుతాడు, నేను ఆ మెడ ఎత్తినవాణ్ని చూసి నవ్వుకుంటాను. ఆ చీరలో కనబడేదంతా నాయిన పని. కనబడకుండా లోపలికి దోపిన అరచేయంత మాత్రమే నాది.