పొడుగు తుపాకీ లోపలి కొలత

ఆ శుక్రవారం పొద్దున మదీనత్ ఖలీఫాలోని ఆ విల్లా మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, ఉన్నవాళ్ళు ముగ్గురు: ఇంటి యజమాని అయిన ఖతరీ పెద్దాయన, ఎనిమిదేళ్ళుగా ఆయన కారు నడుపుతున్న కడప జిల్లా డ్రైవరన్న, నేను. ఉన్న వస్తువులు: దుప్పటి పరిచిన బల్ల మీద ఒక పాత అమెరికన్ తుపాకీ, స్టీలు టేపు, నున్నటి కర్ర కడ్డీ, పెన్సిలు, స్క్రూడ్రైవరు, ఖర్జూరాల పళ్ళెం, గహ్వా అనే అరబ్బీ కాఫీ కూజా, రెండు కప్పులు. మూడో కప్పు లేదు. డ్రైవరన్న నిలబడే ఉన్నాడు.

నేను కొలత పరికరాలను సరిచూసే ల్యాబ్‌లో పని చేస్తాను. పాత తుపాకుల గురించి చదవడం నాకున్న పిచ్చి. ఈ రెండూ తెలుసు గనకే ముందురోజు సాయంత్రం అన్న ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని మా గదికి వచ్చాడు.

"సామీ, నువ్వు రావాల. లేదంటే శనివారం నాకు ఊరికి టికెట్టు కొట్టిస్తాడు మా బాబా."

జరిగింది ఇది. అన్న బాబా అని పిలిచే పెద్దాయన ఆ తుపాకీని దుఖాన్ ఊళ్ళో ఉన్న స్నేహితుడికి చూపించడానికి పంపాలనుకున్నాడు. అదే బండిలో ఆయన మనవళ్ళిద్దరూ వెళ్ళాలి. తుపాకీ తుడుస్తూ అన్న దాని కిందుండే కడ్డీని తీసి గొట్టంలోకి దించి చూశాడు. లోపల మందూ గుండూ ఉన్నాయి, పిల్లలున్న బండిలో పెట్టుకోను అన్నాడు. అమ్మినవాళ్ళు ఇచ్చిన కాగితంలో మాత్రం ఖాళీ అని రాసి ఉంది. చెప్పిన పని చేయకపోవడం ఒక తప్పు. విలువైన వస్తువును గెలకడం రెండో తప్పు. "డ్యూటీ మాఫీ? ఖలాస్, సఫర్!" అన్నాడట పెద్దాయన. పని చేయనంటే సరే, ఇక ఊరికి పో అని.

"లోపల ఉందని నీకెలా తెలిసింది అన్నా?"

"మా నాయన కాడ నాటు తుపాకి ఉండ్లా? శెనిగ చేన్లో పందుల్ని బెదిరిచ్చేదానికి. చేతికి తీసుకుంటానే కడ్డీ పెట్టి చూడాల. అన్నం ముందర చెయ్యి కడుక్కున్నెట్ల. ఇది రెండు వేళ్ళు తక్కువ పోతాంది సామీ."

బల్ల మీదున్నది సైనికుడి తుపాకీ కాదు. తూటాలు రాకముందు అమెరికాలో రైతులు, వేటగాళ్ళు ఇళ్ళలో ఉంచుకున్న రకం. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ పనివాళ్ళతో మొదలైన నమూనా. నిలబెడితే నా గడ్డం దాకా వచ్చేంత పొడుగు. ఎనిమిది పలకల గొట్టం, చారలు తేలిన మేపుల్ చెక్క, గుండుకు చుట్టే జిడ్డు గుడ్డముక్కలు దాచుకునే అర మీద ఇత్తడి మూత. సీసం ఆదా కావాలని రంధ్రం సన్నగా పెట్టేవారు. గుండు తిన్నగా పోవాలని లోపల మెలి తిరిగిన గాడులు తీసేవారు. జనం పడమటికి కదిలాక గుర్రం మీద మోయడానికి పొట్టివి, పెద్ద జంతువుల కోసం బరువైనవి వచ్చాయి. చెకుముకి రాయి పోయి, సుత్తి కింద పేలే చిన్న రాగి టోపీ వచ్చింది. ఎన్ని మారినా వీటిలో మందూ గుండూ మూతి నుంచే దట్టించాలి. వెనక తెరిచి చూడటానికి దారి లేదు. నిండిందో ఖాళీగా ఉందో చెప్పేది కడ్డీయే.

"మా నాయన దానికి పెద్దక్క మాదిరుండాది," అన్నాడు అన్న. ఆ పరిస్థితిలోనూ నాకు నవ్వొచ్చింది.

ఇది ఇంకా పాత రాయి రకమే కాబట్టి మొదట చెకుముకి రాయిని ఊడదీసి పక్కన పెట్టాను. మూతిని గోడవైపు తిప్పాం. ఎవరూ దానికి ఎదురుగా నిలబడలేదు. గొట్టాన్ని బయట కొలిచాను: 1085 మిల్లీమీటర్లు. కర్ర కడ్డీని లోపలికి దించి, మూతి దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, తీసి కొలిచాను: 1029. తేడా యాభై ఆరు. గెలిచామనుకున్నాను.

పెద్దాయనకు వేట తెలుసు. "గొట్టం వెనక మర బిగించిన బిరడా ఉంటుంది. నీ యాభై ఆరూ ఆ బిరడాయే ఎందుకు కాకూడదు?" అన్నాడు ఇంగ్లీషులో.

బిరడా పొడవు బయటికి కనిపించదు. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. శనివారం టికెట్ నా కళ్ళ ముందు కదిలింది.

"యాడిదాకా కొలుస్తాండావు సామీ?" డ్రైవరన్న గొంతు తగ్గించలేదు. "తోక దాకా కొలిస్తే ఏమొస్తాది? నిప్పు పొయ్యే బొక్క దాకా కొలువు! ఇదేనా నీ ఇంజినీరు సదువు?"

సిగ్గేసింది. గొట్టం పక్కనున్న ఆ సన్నటి రంధ్రంలోంచే నిప్పు మందుకు తగలాలి. కాబట్టి బిరడా దాన్ని దాటి ముందుకు రాకూడదు. గొట్టం ఖాళీ అయితే కడ్డీ ఆ రంధ్రం దాకా పోయి తీరాలి. ఈ మాటే పెద్దాయనకు చెప్పి, మూతి నుంచి రంధ్రానికి టేపు పట్టాను: 1067. కడ్డీ అంత దూరం పోలేదు.

ఆయన నా చేతిలోంచి టేపు తీసుకుని రెండుసార్లు తానే కొలిచాడు. 1067, 1067. కడ్డీ మీద గీతనూ కొలిచాడు. 1029. మనవళ్ళను ఇంటి అవతలి భాగంలోకి పంపించి, లైసెన్సున్న తుపాకీ మిస్త్రీకి ఫోన్ చేశాడు.

మిస్త్రీ రంధ్రంలోంచి నూనె పోసి, మందు నానేదాకా ఆగి, సాయంత్రం గాలి ఒత్తిడితో తోశాడు. సీసపు గుండు బయటికి దొర్లింది. దానికి అతుక్కున్న గుడ్డముక్క మీద నీలం గీత ఇంకా తెలుస్తోంది. వెనకే నల్లటి ముద్ద.

పెద్దాయన అమ్మినవాళ్ళ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. లోపలికి వెళ్ళి మూడో కప్పు తానే తెచ్చాడు. డ్రైవరన్నను తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, తన చేత్తో గహ్వా పోసి, ఆ గుండును అన్న అరచేతిలో పెట్టాడు.

"బాబా, టికెట్?" అన్నాడు అన్న, కప్పు వెనక నవ్వు దాచుకుంటూ.

"మాఫీ టికెట్! మాఫీ, మాఫీ!" పెద్దాయన రెండు చేతులూ ఊపాడు. టికెట్ లేదు, ఏమీ లేదు. ఇక ముందు ఆ ఇంట్లో ఏ తుపాకీ అయినా అన్న చూశాకే గోడ దిగాలని కూడా హిందీలో చెప్పాడు.

"అట్లయితే యల్లా, రేపట్నుంచి అన్నిటికీ కడ్డీ పెట్టాల్సిందే," అని అన్న నావైపు తిరిగాడు. "నువ్వు గూడా రా సామీ, నేర్చుకుందువు."

బయలుదేరే ముందు అన్నను రెండు వేళ్ళు చాపమని, నా సంచిలోని క్యాలిపర్ పెట్టి చూశాను. ఇంటికొచ్చాక ఫలితాలు రాసుకున్నాను. టేపుతో తేలిన తేడా: ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. డ్రైవరన్న రెండు వేళ్ళ వెడల్పు: ముప్పై ఏడు.