రంగులేని పొర

మా సారు పోయిన కబురు కూడా నాకు ఆయన శిష్యురాలే చెప్పింది. జావ కాచుకొని పోదామని దవాఖాన నుంచి జనగామలోని మా ఇంటికొచ్చాను. పొయ్యి మీద గిన్నె పెట్టానో లేదో ఫోన్ మోగింది. "అమ్మా, సారు మనల ఇడిచిపోయిండమ్మా" అని ఒకటే ఏడుపు. కురవి దగ్గరి తండా పిల్ల. ఆఖరి ఊపిరప్పుడు పక్కన తనుంది, నేను లేను. అక్కడా నాకంటే ముందే నిలబడింది!

లోకమంతా సారూ అంటుంటే నేనూ మా ఆయన్ని సారూ అనే పిలిచాను. చిట్యాల, మహదేవపూర్, మహబూబాబాద్, ఎక్కడికి బదిలీ అయినా ఆయన చెప్పింది వృక్షశాస్త్రమే. పెళ్లినాడు తాంబూలంలోని తమలపాకును మడిచి, విరిచి, అడుగు వైపు నుంచి సన్నటి పొర లాగి నా కళ్లముందు పట్టాడు. "గిది చూడు. దీనికి రంగే లేదు. పచ్చదనమంత లోపట్నే ఉంటది." నాతో ఆడిన మొదటి మాట అదే. కొత్త పెళ్లికూతురికి చెప్పే ముచ్చటేనా, మీరే చెప్పండి!

చామాకు తెస్తే కూర కానిచ్చేవాడు కాదు. దాని మీద నీటిబొట్లు దొర్లించి, "మైనం పూసుకున్నది. లోపటి నీళ్లు ఎండకు ఎగిరిపోవు, పైనీళ్లు అంటవు" అని మురిసిపోయేవాడు. ఆ పొరకు సన్నటి నోళ్లుంటాయట. గాలి కోసం తెరుచుకుంటాయట, నీళ్లు చాలకపోతే మూసుకుంటాయట. నేను గట్టిగా అరిస్తే, "ఎండల ఆకు సుత నోరు మూసుకుంటది, జర నువ్వు..." అని నవ్వేవాడు. నా కొత్త చీరను చూడని కళ్లు ఆకును మాత్రం భూతద్దం పెట్టి చూసేవి. నా ఏడుపంతా ఆ ఆకుల మీదే, వాటిని పట్టుకొని ఇంటికొచ్చే పిల్లల మీదే. అందులోనూ ఆ తండా పిల్ల పొరను చిరగకుండా ఒక్క లాగులో తీసేది. "శభాష్ బిడ్డా!" అనేవాడు. నా చేతి వంటకు ఆ శభాష్ ఏనాడూ రాలేదు.

దినాల నాడు అందరూ ఆయన కోసం ఏడిస్తే, నేను ఆయన శిష్యుల మీద ఏడ్చాను. ఆ పిల్ల ఇప్పుడు భూపాలపల్లిలో టీచరు. నా పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆకు పొర పాఠం చెప్పినప్పుడల్ల సారు మీ ముచ్చట తెచ్చేటోడు."

"నా ముచ్చటేంది?"

"'పొరకు రంగు లేదు గనుకనే వెలుగు లోపటికి పోతది. ఆకును ఎండిపోనియ్యదు, దుమ్మును, పురుగును అదే ఆపుతది. నేను గింత పచ్చగున్ననంటే మా ఇంటామె అసుంటి పొర' అనేటోడు."

ఏటేటా, ప్రతి తరగతికీ చెప్పాడట. నాకొక్కదానికి తప్ప! కన్నీళ్లకంటే ముందు కడుపు మండింది. అది నా మాట గదా సారూ, వాళ్లకెందుకిచ్చావు?

అందరూ వెళ్లాక, ఆయన కుండీలో పెంచిన తమలపాకు తీగ దగ్గర కూర్చున్నాను. ఒక ఆకు కోసి మడిచి విరిచాను. చిరిగింది. ఇంకోటీ చిరిగింది. ఆ తర్వాతి ఆకుకు గోరంత పొర ఊడివచ్చి వేలికొనకు అంటుకుంది. ఎండకు పట్టి చూశాను. రంగు లేదు. దాని కింద నా వేలి గీతలు కనిపిస్తున్నాయి.