ఎర్ర తాళం: నేపర్‌విల్ నుంచి మొక్కజొన్న ఫ్యాక్టరీకి ఒక శనివారం

పెసరట్టు కోసం ఎనభై మైళ్ళు వెళ్ళానంటే మా ఖమ్మంలో నవ్వుతారు. ఇల్లినాయ్‌లో మాస్టర్స్ చేస్తూ మధ్యలో ఒక ఏడాది ఇండస్ట్రీలో పని చేయడానికి వెళ్ళినప్పుడు నేను చేసిన ప్రయాణాల్లో సగం ఇలాంటివే. నాకు దొరికిన ప్లేస్‌మెంట్ ప్రిన్స్‌టన్ రైల్వే స్టేషన్‌కి పన్నెండు మైళ్ళ అవతల, స్వీట్ కార్న్‌ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో. మెషిన్లు బాగుచేసే మెయింటెనెన్స్ విభాగంలో వేశారు. ఏడాది అంటున్నాను గానీ లెక్కకి మూడు వందల అరవై నాలుగు రోజులు. ఒక్క రోజు పెరిగినా, చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి పోతుందని యూనివర్సిటీలో వీసా సంగతులు చూసే ఆవిడ మూడుసార్లు చెప్పి మరీ పంపింది. ఇలాంటి ప్లేస్‌మెంట్‌కి వెళ్దామా వద్దా అని ఊగిసలాడే జూనియర్లు చాలామంది నాకు మెయిల్ చేస్తున్నారు. వాళ్ళందరికీ జవాబుగా, ఆ ఏడాదిలో నేను ఎప్పటికీ మరిచిపోలేని ఒక్క రోజు గురించి రాస్తున్నాను. గొప్పగా చెప్పుకునే రోజు మాత్రం కాదు.

ఆ ఊళ్ళో ఒక పెట్రోల్ బంకు, ఒక చర్చి, ఒక పిజ్జా కొట్టు, మిగతాదంతా మొక్కజొన్న చేలు. తెలుగు మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీద గది అద్దెకి తీసుకుని, సెకండ్ హ్యాండ్ సైకిల్ మీద ఫ్యాక్టరీకి వెళ్ళేదాన్ని. పనిలో అందరూ మంచిగానే ఉండేవారు. పని అయిపోతే మాత్రం ఎవరిళ్ళకి వాళ్ళు. గదిలో కూర్చుని ఒక్కోసారి అనుకునేదాన్ని, రేపు నేను కనబడకపోతే ఇక్కడ వెతికేదెవరు అని. ఏడుపు రాలేదు గానీ, గుబులుగా మాత్రం ఉండేది. సరిగ్గా అప్పుడే నేపర్‌విల్ నుంచి వసుంధర ఆంటీ ఫోన్ చేశారు. ఆవిడ మా అమ్మ స్నేహితురాలి అక్క, ముప్పై ఏళ్ళు సర్జన్‌గా చేసి రిటైర్ అయ్యారు. "వీకెండ్‌కి వచ్చేయ్ అమ్మా, శనివారం పొద్దున పెసరట్లు పోస్తాను, అల్లం పచ్చడి కూడా రెడీ" అన్నారు. ఇక ఆగుతానా?

శుక్రవారం సాయంత్రం పని అవగానే గేటు దగ్గరికే ట్యాక్సీ పిలిపించుకున్నాను. స్టేషన్‌కి ఇరవై ఎనిమిది డాలర్లు. ఆ చుట్టుపక్కల ఉన్నది ఒకే ట్యాక్సీ కాబట్టి ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. సైకిల్ ఫ్యాక్టరీ షెడ్‌లోనే వదిలేశాను. రైలు టికెట్ రెండు వారాల ముందు బుక్ చేస్తే చవకే, నాకు పంతొమ్మిది డాలర్లు పడింది. ప్రిన్స్‌టన్ నుంచి నేపర్‌విల్‌కి గంటా పావు ప్రయాణం. కిటికీ పక్క సీటు దొరికితే దారంతా ఆకుపచ్చ చేలు చూస్తూ వెళ్ళొచ్చు. ఆ సాయంత్రం నా అంత హాయిగా ఉన్న మనిషి ఆ రైల్లో ఇంకొకరు లేరు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి కాఫీ కోసం కిందికి వచ్చి, సోఫా మీద పడేసిన బ్యాగ్‌లోంచి నా మడత ఫోన్ తీసి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. అన్నీ డేల్ నుంచే. డేల్ మా మెయింటెనెన్స్ పెద్ద, అరవైకి దగ్గర పడ్డ మనిషి, నాకు పని నేర్పుతున్న గురువు. ఫోన్ చేయగానే ఎత్తాడు.

"ఎక్కడున్నావ్?"

"నేపర్‌విల్‌లో. ఏమైంది డేల్?"

 డేల్ ఫోన్ పక్కకి పెట్టి గట్టిగా అరిచాడు: "దొరికింది! నేపర్‌విల్‌లో ఉంది! బాగానే ఉంది!" వెనక ఎవరెవరో కేకలేశారు. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చి మెల్లగా అన్నాడు, "రెండో లైన్ మీద నీ తాళం ఉంది." నా చెయ్యి దానంతట అదే నడుము దగ్గరికి వెళ్ళింది. తాళంచెవి అక్కడే ఉంది.

ఇక్కడ ఆ తాళం సంగతి చెప్పాలి. ఏ మెషిన్‌లో చెయ్యి పెట్టాలన్నా ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి ఎవరి తాళంకప్ప వాళ్ళు వేయాలి. నాది ఎర్రటి తాళం, దాని మీద నా పేరు, హెల్మెట్‌లో పళ్ళికిలించిన నా ఫోటో. చెవి ఒకటే, డూప్లికేట్ ఉండదు. ఐదుగురు పని చేస్తే ఐదు తాళాలు పడతాయి. ఆఖరి తాళం తీసేదాకా ఆ స్విచ్ వేయడం ఎవరి వల్లా కాదు. తాళం ఉందంటే మనిషి లోపల ఉన్నట్టే లెక్క. చేరిన మొదటి రోజే డేల్ చెప్పాడు, "చెవి పారేసుకోకు" అని. మా అమ్మమ్మ బీరువా తాళంచెవి ఎప్పుడూ బొడ్లో దోపుకునేది, నిద్రలో కూడా తీసేది కాదు. నేను దోపుకోవడానికి చీర కాదు కదా, జీన్స్ నడుం పట్టీకి లోపలివైపు పిన్నీసుతో గుచ్చుకున్నాను. భద్రానికి అంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం. శుక్రవారం రెండో లైన్‌లో, అంటే మెషిన్ల రెండో వరసలో, కండెల మీది ఆకులు ఒలిచే మెషిన్‌లో రోలర్ల సందు కొలవడానికి తాళం వేశాను. కొలిచి, లెక్కలు రాసుకుని, పెసరట్టు తలుచుకుంటూ వెళ్ళిపోయాను. మిగతావాళ్ళు తెల్లవారుజామున రిపేరు ముగించి తమ తాళాలు తీసుకుంటే, నాదొక్కటే మిగిలింది. అతిజాగ్రత్త పడి పోగొట్టుకోకుండా చెవిని ఎనభై మైళ్ళు మోసుకొచ్చాను.

"కట్ చేసేయండి డేల్, కొత్త తాళం నేను కొనిస్తాను" అన్నాను. మన దగ్గర అయితే అంతే కదా, ఎంత తాళం అది!

"నువ్వు చెప్పేది నమ్ముతున్నాను" అన్నాడు డేల్. "కానీ ఇక్కడ రూలు వేరు. మనిషి వచ్చే వీలుంటే మనిషే వచ్చి తీయాలి. ఫోన్‌లో గొంతు చాలదు. ఎంత త్వరగా రాగలవు?"

ఆగస్టు నెల అది, కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. ఒక లైన్ నడుస్తోంది, రెండోది నా తాళంతో ఆగిపోయింది. చేలలోంచి లారీలు వస్తూనే ఉన్నాయి. ఎండలో మొక్కజొన్న పాడైపోతుంది, నా ప్లేస్‌మెంట్ ఊడిపోతుంది, క్రెడిట్లు పోతాయి, తర్వాత వీసా సంగతి ఆ దేవుడికే తెలియాలి. ఇవన్నీ ఒకేసారి బుర్రలో తిరిగాయి. ట్యాక్సీ కంపెనీకి ఫోన్ చేస్తే రెండు వందల డాలర్లు, అదీ తొమ్మిదింటికి గానీ బండి లేదన్నారు. ఆంటీ హైవే మీద డ్రైవ్ చేయడం మానేసి రెండేళ్ళయింది. ఎనిమిదీ ఇరవైకి రైలుంది. అప్పటికప్పుడు టికెట్ ముప్పై ఒక్క డాలర్లు.

స్టేషన్‌కి ఆంటీయే కార్‌లో దింపారు. దారిలో నేను "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా ఆంటీ" అని సణిగాను. తప్పు నాదే అని తెలిసినప్పుడే మనిషికి ఎక్కువ కోపం వస్తుంది. ఆంటీ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పారు: "ఆపరేషన్ అయ్యాక కుట్లు వేసే ముందు లోపల వాడిన గుడ్డముక్కలన్నీ కౌంట్ చేస్తాం శ్రావణీ. ఒకటి తక్కువైతే నేను ఎంత పెద్ద సర్జన్‌ని అయినా నర్స్ నన్ను స్టాప్ చేస్తుంది. నేను అరిచిన రోజులున్నాయి. ఆ నర్స్ కదల్లేదు. తర్వాత ఇంటికి వెళ్ళి ఆవిడకి దణ్ణం పెట్టుకున్న రోజులూ ఉన్నాయి." దిగేటప్పుడు ఫాయిల్‌లో చుట్టిన నాలుగు పెసరట్లు, చిన్న డబ్బాలో అల్లం పచ్చడి చేతిలో పెట్టారు. రైల్లో అల్లం వాసన ఘుమఘుమలాడుతున్నా ఫాయిల్ విప్పలేదు.

తొమ్మిదిన్నర దాటాక ప్రిన్స్‌టన్‌లో దిగితే, ఒక పాత పికప్ పక్కన రూత్ నిలబడి ఉంది. చేల నుంచి ఫ్యాక్టరీకి కండెల లారీ నడుపుతుంది, వయసు అరవై దాటింది. నేను అంతకుముందు ఆమెతో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండను.

"సారీ రూత్, నా వల్ల..."

"సారీ ఆ కండెలకి చెప్పు, నాకెందుకు? ఎక్కు."

బండి ఊరు దాటించింది. తర్వాత తనే మొదలుపెట్టింది. "నీ సైకిల్ షెడ్‌లో ఉంది. తాళం మెషిన్ మీద ఉంది. మీ ఇంటావిడకి ఫోన్ చేస్తే రాత్రి ఇంటికి రాలేదంది. మేమేం అనుకోవాలి చెప్పు? ఐదింటి నుంచి ఆరుగురం వెతికాం. నేను కన్వేయర్ కింద బోర్లా పడుకుని టార్చ్ వేసి చూశాను, ఈ మోకాళ్ళతో. నీ పేరు ఎవరికీ సరిగా రాదు. ఒక్కొక్కరు ఒక్కోలా పిలిచాం. ఏదో ఒకటి నీకు తగలకపోతుందా అని."

అప్పటిదాకా ఉద్యోగం పోతుందనే నా భయం. ఆ మాట విన్నాక తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను. కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చాను. రూత్ చూసీ చూడనట్టు రేడియో పెట్టింది.

యార్డులో మూడు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. రూత్ నన్ను మొదటి లారీ దగ్గరికి తీసుకెళ్ళి కండెల కుప్పలో చెయ్యి పెట్టమంది. జ్వరం వచ్చిన ఒళ్ళులా కాలుతోంది. కోసిన గంట నుంచే తీపి తగ్గడం మొదలవుతుందట, ఎండెక్కితే కుప్ప లోపల ఉడికిపోతుందట. ఆ లారీ సరుకు డబ్బాలకి పనికిరాదు, పశువుల దాణాకి పోతుందని మామూలు గొంతుతో చెప్పింది.

లోపల రెండో లైన్ చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. స్విచ్ దగ్గర ఒకే ఒక్క ఎర్ర తాళం, దాని మీద నవ్వుతున్న నేను. ఆ నవ్వు చూస్తే నాకే ఒళ్ళు మండింది. గోడవైపు తిరిగి నడుం దగ్గర పిన్నీసుతో కుస్తీ పడుతుంటే, అదేమో వంగిపోయి రానంటుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి చెవి బయటికి వచ్చింది. డేల్ ముందు పిన్నీసు చూశాడు. "తిండి తయారయ్యే చోటికి పిన్నీసు తెచ్చావా? దీనికి ఇంకో రిపోర్టు" అన్నాడు. తాళం తీశాను. అంత తొందరలోనూ డేల్ మెషిన్ చుట్టూ మళ్ళీ ఒకసారి నడిచి, వంగి చూసి, అందరినీ పేరుపేరునా పిలిచి లెక్క చూసుకున్నాడు. హారన్ మోగింది. పదీ పదికి కండెలు కదిలాయి.

తర్వాత బ్రేక్ రూమ్‌లో అతని ఎదురుగా కూర్చున్నాను. "నన్ను పంపించేస్తారా?" అని నేనే అడిగేశాను.

"తాళం వేయకుండా చెయ్యి పెట్టి ఉంటే నిన్న సాయంత్రమే పంపేసేవాణ్ణి" అన్నాడు డేల్. "నువ్వు వేశావు, తీయడం మరిచిపోయావు. తీయడం మరిచినవాళ్ళతో ఇలా కూర్చుని మాట్లాడొచ్చు."

కాఫీ కలుపుకుంటూ, వయసులో ఉన్నప్పుడు తను పనిచేసిన ఇంకో ఫ్యాక్టరీ సంగతి చెప్పాడు. అక్కడా ఇలాగే ఒక తాళం మిగిలిపోయింది. ఇంటికి ఫోన్ చేస్తే కొడుకు ఎత్తి, నాన్న ఇంటికి వచ్చేశాడు అన్నాడు. అది నిజమే. తాళం కోశారు, స్విచ్ వేశారు. ఆ మనిషి మెషిన్‌లో మరిచిపోయిన కళ్ళజోడు కోసం వెనక్కి వచ్చి మళ్ళీ లోపలికి దూరాడని ఎవరికీ తెలియదు. డేల్ కలిపిన కాఫీ తాగకుండానే కప్పు పక్కకి పెట్టాడు.

నాకు శిక్ష ఏమిటంటే, కొత్తగా చేరే ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజున నా కథ నేనే నిలబడి చెప్పాలి, పిన్నీసుతో సహా. ఆ ఏడాది తొమ్మిదిసార్లు చెప్పాను. తొమ్మిదోసారికి నేను మొదలుపెట్టకముందే వెనక బెంచీలో రూత్ నవ్వడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం మాత్రం చల్లారిపోయిన పెసరట్లు తలా ఒక ముక్క తుంచుకుని తిన్నాం. అల్లం పచ్చడికి డేల్ కళ్ళమ్మట నీళ్ళొచ్చినా రెండోసారి అడిగాడు.

క్లాసులో రెండేళ్ళు కూర్చున్నా నాకు రానిది ఈ ఏడాదిలో వచ్చింది. రూలంటే మన పని అడ్డుకునేదని, తెలివైనవాళ్ళు దాన్ని ఎలాగోలా దాటేస్తారని అనుకుంటూ పెరిగినదాన్ని. ఒక లారీ పంట పోయినా, గంటలు గడిచిపోతున్నా, వచ్చి ఆరు నెలలైనా కాని ఒక స్టూడెంట్ కళ్ళ ముందు నిలబడేదాకా స్విచ్ మీద చెయ్యి వేయని మనుషులను అక్కడ చూశాను. వాళ్ళ మీద నాకున్న గౌరవం ఈ రోజుకీ తగ్గలేదు. ఆఖరి రోజున తాళం అప్పగించి వచ్చాను. దాని మీది ఫోటో మాత్రం డేల్ ఊడదీసి నాకిచ్చాడు, ఇప్పుడది నా పర్సులో ఉంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. రైలు టైములు, ట్యాక్సీ రేట్లు మీరే కనుక్కుంటారు. వీకెండ్‌కి ఊరు దాటేటప్పుడు మాత్రం పనిలో ఎవరో ఒకరికి, "ఫలానా చోటికి వెళ్తున్నాను, ఆదివారం వస్తాను" అని ఒక మాట చెప్పి బయల్దేరండి. చెప్పడానికి ఇక్కడ నాకెవరున్నారులే అనుకోకండి. అలా అనుకునే నేను ఎవరికీ చెప్పకుండా రైలెక్కాను. మర్నాడు తెల్లారకముందే ఆరుగురు నా పేరు తప్పుగా పిలుస్తూ నా కోసం వెతికారు.