తుర్కియా శాలువాకి పడ్డ చిల్లు

తుర్కియాకి నోరెక్కువ అని ఎడారి అంచునున్న మా దూజ్ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. చెప్పనీండి. ఆ నోరు మాకెంత పరువు నిలబెట్టిందో తెలిస్తే ఇంకో మాట అనరు.

మనిషి పొట్టి, గట్టి. ఖర్జూరాల కాలంలో గిడ్డంగిలో కాయలు ఏరుతుంది, మిగతా రోజుల్లో మగ్గం నేస్తుంది. మొగుడు మస్ఊద్ పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా పైకి అన్నారా, కస్సుమంటుంది. "లేకపోవడమేమిటి? ఇల్లు పట్టనంత మంది ఉంటే!"

ఉన్నవాళ్లంతా స్లూగీ పిల్లలు. సన్నటి నడుము, బారెడు కాళ్లు ఉండే మా ఎడారి వేటకుక్కలు. కుక్కలని ఇప్పుడంటే అన్నాను గానీ, మా మగవాళ్ల ముందు అంటే ఒప్పుకోరు. మామూలు కుక్క గుడారం గుమ్మం తొక్కకూడదు. స్లూగీ అయితే లోపలికొచ్చి మన దుప్పట్లోనే దూరుతుంది. "అది కుక్కేమిటి, ఇంటి మనిషి!" అంటారు మా పెద్దలు మీసం దువ్వుకుంటూ.

ఊళ్లో సగం స్లూగీలు తుర్కియా చేతుల్లో పెరిగినవే. ఇంకా కళ్లు తెరవని కూనల్ని తెచ్చి ఆమె ఒళ్లో పడేస్తారు. మేకపాలు పట్టి, ఖర్జూరాలు నానబెట్టి పెట్టి, కాళ్లు సాగాక తిరిగి ఇస్తుంది. అవి ఏ ఇసుకదిబ్బ వెనక ఆడుకుంటున్నా సరే, తిండివేళకి గుమ్మంలో నిలబడి, నాలుక గిరగిరా తిప్పుతూ, పెళ్లిళ్లలో ఆడవాళ్లు పెట్టే కూత పెడుతుంది. "లూలూలూలూ!" అంతే, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ ఇంట్లోకి వచ్చేస్తాయి.

తోడికోడలు సాసియాకి అది చూస్తే నవ్వు. "పెళ్లికో పురుడుకో దాచుకునే కూత అక్కా అది. కూనలకి ఖర్చు పెట్టేస్తున్నావు" అనేది.

"నా ఇంట్లో రోజూ పెళ్లే. నీకేం ఏడుపు?" అనేది తుర్కియా.

ఒక ఏడు ఘీమా అనే కూనని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. వానమబ్బు రంగు పిల్ల. శీతాకాలం పండగలో జరిగే పెద్ద పరుగులో అది తన పేరు మీద దిగాలని తుర్కియా ఆశ. అందుకని తర్ఫీదుకి మరిది బెల్గాసెమ్‌కి అప్పగించింది. సాసియా మొగుడే అతను. స్లూగీల్ని తీర్చిదిద్దడంలో పేరున్నవాడు. చెడ్డవాడు కాదు. నాన్న ఎలా చేశాడో, అన్న మస్ఊద్ ఎలా చేశాడో అలాగే చేస్తాడు, తన బుర్ర కొంచెం కూడా వాడకుండా.

ఖర్జూరాల కోత అయ్యాక ఊరి బయట చదునులో తర్ఫీదు మేళా పెడతారు. కుందేలు తోలుని తాడుకి కట్టి మోటారు సైకిల్ వెనక ఈడుస్తుంటే, దాని వెంట పడుచు స్లూగీల్ని ఒక్కొక్కదాన్నీ వదులుతారు. మగవాళ్లంతా గీత దగ్గర, ఆడవాళ్లంతా దూరంగా ట్రక్కుల మీద. మేళాకి పెద్ద హాజీ దావ్. ఆయన తివాచీ మీద కూర్చుని టీ తాగుతుంటాడు. ఆ పక్కనే ఒక కుంపటి, కుంపట్లో ఇనప చువ్వ. పరుగు మధ్యలో ఆగిపోయిన స్లూగీకి అక్కడికక్కడే తొడ మీద వాత పెట్టేవారు. వాత పడితే మొద్దుబారిన కాలు మేలుకుంటుందని మా వాళ్ల నమ్మకం. అది కుయ్యోమని అరుస్తుంటే పళ్లికిలించేవాళ్లు కూడా ఉండేవారు, సిగ్గులేక.

తుర్కియా ఏటా ఆ సమయానికి మొహం అటు తిప్పుకునేది. మస్ఊద్ ఉన్న రోజుల్లో ఒకసారి నోరు తెరిస్తే, "ఆడదానివి, నీకెందుకీ గొడవ?" అని కసిరేశాడు. ఊరంతటి మీదా నోరు పారేసుకునే మనిషి, ఆ ఒక్కచోట మాత్రం నోరు కట్టేసుకుంది.

ఘీమా వంతు వచ్చింది. గొలుసు విప్పారో లేదో, దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయింది. ఆ పరుగు చూసి ముసలి హాజీ కూడా "ఓహో!" అన్నాడు. తుర్కియాకి ఒళ్లు పులకరించింది. ఉండబట్టలేక ట్రక్కు మీద లేచి నిలబడి కూత పెట్టింది. "లూలూలూలూ!" పక్కనున్న ఆడవాళ్లూ అందుకున్నారు.

ఘీమా టక్కున ఆగింది. చెవులు రిక్కించింది. కుందేలు తోలుని దాని దారిన వదిలేసి, గిరుక్కున తిరిగి ట్రక్కుల వైపు పరిగెత్తుకొచ్చింది.

మగవాళ్లు గొల్లున నవ్వారు. "ఒరే బెల్గాసెమ్! నీ మొనగత్తెకి అమ్మ గుర్తొచ్చిందిరోయ్!" అని ఎవరో అరిచారు. బెల్గాసెమ్‌కి తల కొట్టేసినట్టయింది. సగం దారిలోనే ఘీమాని పట్టుకుని, మెడకి తాడేసి కుంపటి దగ్గరికి ఈడ్చుకుపోయాడు.

ఘీమా ఎందుకు ఆగిందో తుర్కియాకి తెలుసు. అది భయపడి ఆగలేదు. అన్నం పెట్టే కూత విని వచ్చింది. 'అయ్యో నా తల్లీ, నేను పిలిస్తే వచ్చావా!' అనుకుంటూ ట్రక్కు మీద నుంచి దూకేసింది.

సాసియా చెయ్యి పట్టుకుంది. "అక్కా, మగాళ్ల మధ్యకి పోతావా? పరువు పోతుంది!"

"పోతే నాదే పోతుందిలే, వదులు!"

ఇద్దరు ఘీమాని పక్కకి పడేసి పట్టుకున్నారు. బెల్గాసెమ్ ఎర్రగా కాలిన చువ్వ దించుతున్నాడు. తుర్కియా పరుగున వచ్చి, తన ఒంటి మీద ఉన్న ఉన్ని శాలువా లాగి ఘీమా మీద విసిరింది. చువ్వ శాలువా మీద పడింది. ఉన్ని కాలిన కంపు గుప్పుమంది.

మాలో ఒక కట్టుబాటు ఉంది. పగవాళ్లు తరుముతున్న మనిషి మీద ఆడది తన శాలువా కప్పిందంటే, వాడు ఖూనీ చేసినవాడైనా సరే, ఇక ఎవరూ చెయ్యెత్తకూడదు. ఎత్తితే తెగకంతటికీ తలవంపులు. బెల్గాసెమ్ చేతిలో చువ్వ అలాగే ఆగిపోయింది.

"వదినా, మతి పోయిందా? మనుషులకి కప్పే శాలువా కుక్కకి కప్పుతావా?"

"ఏమన్నావు? మళ్లీ అను! హాజీ, విన్నారా? మీ మేళాలో స్లూగీని పట్టుకుని కుక్క అంటున్నాడు!"

హాజీ టీ గ్లాసు కింద పెట్టాడు. "నోరు జారాడులే తల్లీ. స్లూగీ ఇంటి మనిషే."

"ఇంటి మనిషైతే నా శాలువా చెల్లుతుంది. కాదు కుక్కే అంటారా, ఇవాల్టి నుంచి మీసాలు దువ్వుకుంటూ ఆ గొప్పలు చెప్పడం మానెయ్యండి. రెంట్లో ఏదో ఒకటి తేల్చండి."

కొందరి చేతులు మీసాల మీద నుంచి మెల్లగా కిందికి దిగాయి.

"చెల్లితే చెల్లనీ" అన్నాడు బెల్గాసెమ్. "కానీ ఇది పిరికిది వదినా. నడిమధ్యలో ఆగిపోయింది. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసింది."

"అది ఆగలేదురా, వచ్చింది. పాలు తాగే రోజుల నుంచి ఈ కూతతోనే పిలిచి తిండి పెట్టాను. ఇవాళ నేనే ఒళ్లు మరిచి కూసాను. తప్పు నా నాలుకది. పెట్టు, వాత దీనికి పెట్టు!" అని, అంతమంది మగవాళ్ల ఎదుట నాలుక బయటికి చాపి నిలబడింది.

నవ్వబోయినవాడు కూడా నవ్వలేకపోయాడు. బెల్గాసెమ్ చూపు దించుకుని, "కట్టుకథలు చెప్పకు" అని గొణిగాడు.

తుర్కియా తలెత్తి కూత పెట్టింది.

శాలువా కింద ఘీమా ఎగిరిపడి, పట్టుకున్న చేతులు విదిలించుకుని ఆమె కాళ్లకి చుట్టుకుంది. అదొక్కటే అయితే సరే. చదును అవతల నుంచి ఇంకొకటి వచ్చింది. ఎవరి చేతిలోనో తాడు తెంచుకుని మరొకటి. ట్రక్కుకి కట్టేసిన బెల్గాసెమ్ నల్ల స్లూగీ సహ్మ్ ముడి ఊడేదాకా గుంజి గుంజి, తాడు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె చంకలో తల దూర్చింది. పెంచిన బిడ్డలన్నీ ఆమె చుట్టూ మూగాయి. దాదాపు ప్రతిదాని తొడ మీదా పాత వాత మచ్చ ఉంది.

తుర్కియాకి అప్పుడు అర్థమైంది. ఏటా ట్రక్కు మీద నుంచి తను మురిసిపోయి కూసినప్పుడల్లా వీటిలో ఏదో ఒకటి ఆగింది, వాత తింది. సహ్మ్ మచ్చ తడుముతూ భోరుమంది. ఏడుస్తూనే అరిచింది.

"చూడండ్రా! నేను కూసినందుకు వీటిని కాల్చారు. ఎందుకాగిందని ఒక్కడంటే ఒక్కడు అడిగాడా? బెల్గాసెమ్, నీ సహ్మ్ పోయినేడు ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసిందా? నా ఘీమా ఒక్కదాన్ని వదిలేస్తే చాలదు హాజీ. ఈ కుంపటి ఇంకెప్పుడూ ఈ నేల మీద కనబడకూడదు. కనబడితే ఈ ఊళ్లో ఆడవాళ్ల శాలువాలన్నీ ఇక్కడే పరుస్తాం. తొక్కుకుంటూ వచ్చి పెట్టండి వాతలు!"

ట్రక్కుల మీద సాసియా లేచి నిలబడింది. ఇందాక పరువు పోతుందన్న మనిషే తన శాలువా తీసి చేతిలో పట్టుకుంది. ఆమె వెనక మిగతావాళ్లూ తీశారు.

హాజీ దావ్ మోకాళ్ల మీద చేతులూని లేచాడు. టీ కెటిల్ ఎత్తి నిప్పుల మీద కుమ్మరించాడు. కుంపటి చుయ్యిమంది. "ఇంకో కెటిల్ పెట్టండి" అన్నాడు, "ముందు ఈ తల్లికి పొయ్యండి."

బెల్గాసెమ్ సహ్మ్ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. కాలిన చోటు ముట్టుకోబోతే అది వెనక్కి జరిగింది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. సహ్మ్ మళ్లీ వాడి చేతి కిందికి రావడానికి చాలా కాలం పట్టింది. అన్నాళ్లూ వాడు రోజూ చెయ్యి చాపి కూర్చునేవాడు.

ఘీమా ఆ ఏడు పండగలో గెలవలేదు, మూడోదిగా వచ్చింది. తుర్కియా దృష్టిలో మాత్రం ముందొచ్చిన రెండూ లెక్కలోకి రావు.

ఇప్పుడు మేళాలో కుంపటి మీద టీ మాత్రమే కాగుతుంది. స్లూగీలు పరిగెత్తుతున్నంతసేపూ ఆడవాళ్లు శాలువా కొంగులు పళ్లతో కరిచిపట్టుకుని కూర్చుంటారు. చివరిది గీత దాటగానే బెల్గాసెమ్ ట్రక్కుల వైపు తిరిగి, "ఇక కానీ వదినా!" అని అరుస్తాడు. కూత లేస్తుంది. అంతే, ఎవరి స్లూగీ వాళ్ల మాట వినదు. మగవాళ్లు తాళ్లు పట్టుకుని పేర్లు పెట్టి పిలుస్తుంటే, అవన్నీ తుర్కియా దగ్గరికి పరిగెత్తుతాయి.

శాలువాకి పడ్డ చిల్లు అలాగే ఉంది. అంత నేతగత్తెకి అది రఫ్ఫు చేసుకోవడం చిటికెలో పని. చేసిపెడతానని సాసియా కూడా ఎన్నోసార్లు అంది.

"నా పెళ్లిబట్టలు పోయినా ఊరుకుంటాను గానీ, దాని జోలికి రాకు" అంటుంది తుర్కియా, చిల్లు భుజం మీదికి వచ్చేలా సర్దుకుని.